నాన్నగారికి కారు: డీజిలా, పెట్రోలా?

ఇంగ్లండ్ వచ్చి ఉద్యోగంలో కుదురుకున్న ఏడాదికో రెండేళ్లకో మన పిల్లలు చాలామంది అడిగే మాట ఒకటుంది. "విజయవాడలో అమ్మానాన్నలకు కారు కొనిపెడదామనుకుంటున్నానండీ, డీజిల్ తీసుకోమంటారా, పెట్రోలా?" నేను నోరు తెరిచేలోపే జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు: "డీజిలైతే లీటరు పన్నెండు రూపాయలు తక్కువ, మైలేజీ ఎక్కువ, నాన్నకి ఖర్చు తగ్గుతుంది కదా." ఆ ఆలోచనలోని ప్రేమ నాకు తెలుసు. లెక్క మాత్రం అక్కడితో తేలదు. అందుకే ముందు మీ నాన్నగారు నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో కనుక్కోమంటాను. చాలామందికి ఆ సంగతి తెలియదు. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు అడగండి. బండి మీద తిరిగేదీ, ఆటోల్లో వెళ్లేదీ, పెళ్లిళ్లకీ తిరుపతికీ కారు మాట్లాడుకునేదీ అన్నీ కలిపి చెప్పమనండి.

డీజిల్ చవకన్న నమ్మకం ఊరికే పుట్టలేదు. 2012 వేసవిలో ఢిల్లీలో పెట్రోలు 73 రూపాయలు దాటితే డీజిల్ 41 దగ్గర ఉండేది. 30 రూపాయల తేడా ఉన్న రోజుల్లో ఎవరైనా డీజిలే కొంటారు. 2014 అక్టోబరులో కేంద్రం డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తేసింది. అప్పటికే తగ్గుతూ వస్తున్న తేడా ఇంకా కుంచించుకుపోయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అనే కాలుష్య నిబంధనలొచ్చాక డీజిల్ ఇంజిన్‌కి పొగ శుద్ధిచేసే పరికరాలు చాలా తగిలించాల్సి వచ్చి, దాని ధర పెరిగింది. మారుతి సుజుకి అయితే ఆ ఏప్రిల్ నుంచే డీజిల్ కార్లు మానేసింది. మీరు ఊరు వదిలే నాటికి మీ ఇంట్లో ఉన్న డీజిల్ లెక్క ఇప్పటి లెక్క కాదు.

ఇప్పటి లెక్క చూద్దాం. కొన్నాళ్లుగా విజయవాడలో పెట్రోలు 110 రూపాయల దరిదాపుల్లో, డీజిల్ 97, 98 దగ్గర నడుస్తున్నాయి. ఒకే మోడల్ చిన్న ఎస్‌యూవీలో పెట్రోలు బండి లీటరుకు అటూఇటూగా 14 కిలోమీటర్లు ఇస్తే, డీజిల్ 19 ఇస్తుందనుకోండి. కంపెనీ కాగితం మీద ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది కానీ, మే నెలలో ఏసీ వేసుకుని బెంజ్ సర్కిల్ సిగ్నళ్ల దగ్గర ఆగుతూ వెళ్లే బండికి ఆ అంకె రాదు. కిలోమీటరుకు పెట్రోలు బండికి సుమారు 7 రూపాయల 85 పైసలు, డీజిల్‌కి 5 రూపాయల 15 పైసలు పడతాయి. అంటే కిలోమీటరుకు 2 రూపాయల 70 పైసలు మిగులు. డీజిల్ మోడల్‌కి కొన్నప్పుడు ఎక్కువ పెట్టేది 1 లక్షా 40 వేలు అనుకుంటే, అది తిరిగి రావడానికి దాదాపు 52 వేల కిలోమీటర్లు తిరగాలి. ఐదేళ్ల లోనులో 9 శాతానికి తీసుకుంటే ఆ అదనపు డబ్బు మీద వడ్డీ మరో 34 వేలు. అప్పుడు 64 వేల కిలోమీటర్లు. బండి ధర ఎక్కువ కాబట్టి లైఫ్ ట్యాక్సూ, ఇన్సూరెన్సులో సొంత డ్యామేజీ ప్రీమియమూ కూడా ఆ మేరకు పెరుగుతాయి. వాటిని నేను ఇందులో కలపనే లేదు.

పటమటలో ఉండే రిటైరైన తండ్రి రైతుబజారుకీ, బ్యాంకుకీ, శుక్రవారం కొండకీ, నెలకోసారి గుంటూరులో కూతురింటికీ తిరిగితే ఎంత? 500 కిలోమీటర్లు దాటడం కష్టం. ఆ లెక్కన, వడ్డీ కలపకుండానే, డీజిల్ డబ్బు వెనక్కి రావడానికి ఎనిమిదిన్నరేళ్లు పడుతుంది. అదే గుంటూరు నుంచి రోజూ కారులో విజయవాడ వచ్చిపోయే మీ అన్నయ్యకైతే రోజుకు 70 కిలోమీటర్లు, ఏడాదికి 21 వేలు. ఆయనకు రెండున్నరేళ్లలో డబ్బు తిరిగొచ్చేస్తుంది, ఆ తర్వాత అంతా మిగులే. ఆయనకు డీజిల్ కొనండి, నేనేమీ అడ్డు చెప్పను. మిర్చి పనుల మీద నరసరావుపేట, చిలకలూరిపేట తిరిగేవాళ్లకీ అంతే.

డబ్బు సంగతి ఇలా ఉంచితే, పెద్దవాళ్లకు డీజిల్ వద్దనడానికి నాకు ఇంకా గట్టి కారణం ఒకటుంది. బీఎస్-6 డీజిల్ బండి సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. పొగలోని మసిని పట్టుకుంటుంది. ఆ మసి కాలిపోవాలంటే పొగ వేడి 600 డిగ్రీల దాకా వెళ్లాలి. అందుకు బండి హైవే మీద ఆగకుండా కొంతసేపు పరుగెత్తాలి. మూడు కిలోమీటర్లు వెళ్లి ఆగి, మళ్లీ మూడు కిలోమీటర్లు వచ్చే బండిలో ఆ వేడి పుట్టదు. మసి పేరుకుంటుంది, డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది. ఆ మసిని బండి కాల్చేసే ప్రయత్నం సగంలో ఆగిపోయిన ప్రతిసారీ కొంత డీజిల్ ఇంజిన్ ఆయిల్లో కలిసి ఆయిల్ పలచబడుతుంది.

గుంటూరు బ్రాడీపేటలో మా బాబాయికి వాళ్లబ్బాయి అమెరికా నుంచి డబ్బు పంపి డీజిల్ బండే కొనిపించాడు. దీపం వెలిగిన ప్రతిసారీ ఆయనకు టెన్షన్. కారు తీయడం మానేసి మెకానిక్‌కి ఫోన్ చేస్తారు. అతను వచ్చి బండిని చిలకలూరిపేట హైవే ఎక్కించి, గేరు తగ్గించి ఓ అరగంట తోలి తెస్తే దీపం ఆరుతుంది. ఆ అరగంట డీజిలూ, అతని కూలీ బాబాయివే. పిన్ని మాత్రం గుడికి ఆటోలోనే వెళ్తోంది. జల్లెడ పూర్తిగా మూసుకుపోతే మార్చడానికయ్యే ఖర్చు చూస్తే ఏళ్ల తరబడి మిగిల్చిందంతా ఒక్క బిల్లుకే పోతుంది. కొన్ని బండ్లకు యూరియా ద్రావణం కూడా పోస్తూ ఉండాలి. డీజిల్ ఫిల్టరు, ఇంజెక్టర్ల ఖర్చులు వేరే. ఆటోనగర్‌లో దొరకని పనివాడు లేడు, నిజమే. కానీ పెద్దాయన్ని మాటిమాటికీ అక్కడికి పంపించడం ఎందుకు?

పెట్రోలుకీ దాని ఇబ్బందులు దానికున్నాయి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, మైలేజీ కొంచెం తగ్గుతుంది. టర్బో పెట్రోలు ఇంజిన్ అయితే ఊళ్లో ఇంకా తాగేస్తుంది, పెద్దవాళ్లకు మామూలు పెట్రోలు ఇంజినే చాలు. విజయవాడలో భాగ్యనగర్ గ్యాస్ వాళ్ల సీఎన్‌జీ దొరుకుతుంది, కిలోమీటరు ఖర్చు దానికే తక్కువ. అయితే సిలిండర్ డిక్కీలో చాలా చోటు తినేస్తుంది. మీరు పెట్టెలతో గన్నవరంలో దిగినప్పుడు ఆ సంగతి తెలుస్తుంది.

డీజిల్ బండి పదేళ్లకే తుక్కు కింద పోతుందని వాట్సాప్‌లో వస్తున్నది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి సంబంధించిన సంగతి. ఆంధ్రాలో సొంత కార్లకు రిజిస్ట్రేషన్ ఏ ఇంధనానికైనా 15 ఏళ్లే. ఆ భయంతో మాత్రం నిర్ణయం తీసుకోకండి.

ఇంటి దగ్గరి లెక్కను ఇక్కడికి తేకండి, ఇది కూడా చెప్పాలి. బ్రిటన్‌లో రెండింటి మీదా లీటరు సుంకం ఒకటే, బంకులో డీజిలే కాస్త ఎక్కువ ఉంటుంది. చవగ్గా వస్తోందని పాత డీజిల్ కొన్న కుర్రాళ్లు లండన్లో కాలుష్య రుసుము కింద రోజుకు 12.50 పౌండ్లు కట్టుకుంటున్నారు. 2023 ఆగస్టు నుంచి లండన్ బరోలన్నీ ఆ పరిధిలోకి వచ్చాయి. ఆ రుసుము పడకూడదంటే పెట్రోలు బండికి యూరో 4 కాలుష్య ప్రమాణం ఉంటే చాలు, డీజిల్‌కి యూరో 6 కావాలి. కొనేముందు బండి నంబరు కొట్టి చూసుకోండి.

మీ ఊళ్లో కొనే బండిని మాత్రం నాన్నగారి పేరు మీదే రిజిస్టర్ చేయించండి, డబ్బు మీరు పంపినా సరే. ఇన్సూరెన్సులో ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా, లైసెన్సు ఉండి బండి నడిపే యజమానికే వర్తిస్తుంది. మీ పేరు మీద ఉంటే స్టీరింగ్ పట్టే ఆయనకు అది రాదు.