ముంగిస లోగో అడిగారు కదా, నా దేవాంగ పిల్లి గొడవ వినండి

ముంగిస అంటే ఇష్టం, దాంతో సొంత లోగో చేసుకోవాలి, బొమ్మలు వేయడం రాదు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. బొమ్మలు నాకూ రావండీ. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, సెలవు దొరికితే కెమెరా వేసుకుని తిరగడం, అంతే. ఫొటోల మూలన వేసుకోవడానికి ఒక గుర్తు కావాలని మూడు నెలలు కుస్తీ పట్టాను.

నా జంతువు దేవాంగ పిల్లి (పేరుకే పిల్లి; రాత్రిపూట చెట్ల మీద తిరిగే, పెద్ద కళ్ళ చిన్న జంతువు, ఇంగ్లీషులో స్లెండర్ లోరిస్). ఇక్కడి ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) క్యాంపస్‌లో చదివే స్నేహితుడు ఒక రాత్రి చూపించాడు. టార్చికి ఎర్ర కాగితం చుట్టి (తెల్ల వెలుగు వాటిని బెదరగొడుతుంది) చెట్లలోకి వేస్తే నిప్పుకణికల్లా రెండు చుక్కలు మెరిశాయి. గోడ అవతల యశ్వంతపురం వైపు హారన్ల మోత, ఇవతల ఇది కొమ్మ పట్టుకుని, ఆగి, మళ్ళీ చెయ్యి మార్చి, ఎవరికో అప్పున్నట్టు మెల్లగా కదులుతోంది. ఇక వేరే జంతువు గురించి ఆలోచించలేదు.

మొదట జంతువునంతా వేశాను, బొచ్చుతో సహా. లాప్‌టాప్‌లో బాగానే ఉంది. సరదాకి అవెన్యూ రోడ్డు దగ్గర రబ్బరు స్టాంపు చేయించి కాగితం మీద గుద్దితే సిరా అంతా అలుక్కుపోయి ఒకటే మచ్చ. షాపాయన తప్పేం లేదు, నేనిచ్చిన గీతలే వెంట్రుకంత సన్నం. ఫొటో మూలన పెడితే ఈగ వాలినట్టుంది. అందుకే మీరు కూడా ముందే స్టాంపు సైజులో, ఒక్క నలుపు రంగులో వేసి చూసుకోండి. బ్రౌజర్ ట్యాబ్ మీద కనపడే బొమ్మ 16 × 16 పిక్సెళ్ళే, అందులో బొచ్చుకు చోటెక్కడ?

రెండోసారి ముఖం ఒక్కటే వేశాను, పెద్ద కళ్ళతో. హిందూపురం నుంచి వచ్చిన అమ్మ చూసి "ఏమిరా, గుడ్లగూబను పెట్టుకున్నావు, ఇంకేం దొరకలేదా" అంది. ఆఫీసులోనూ అందరూ గుడ్లగూబే అన్నారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వాళ్ళదీ ఇలాంటి కథే, ఆ పేరు అసలు ఎర్ర పాండాది, లోగోలో ఉన్నది మాత్రం నక్క. కానీ వాళ్ళకు చెల్లింది, నాకు చెల్లదు.

అప్పుడు ఫొటోలు మూసేసి, ఆ రాత్రి నాకు ఏం గుర్తుందో అది మాత్రం గీశాను. రెండు కళ్ళు, కొమ్మను బిగించి పట్టుకున్న ఒక చెయ్యి. అంతే గుర్తుంది. నా పేరు ర తో మొదలవుతుంది, కాబట్టి రెండు ర లు పక్కపక్కన పెడితే గుండ్రాలు కళ్ళయ్యాయి, తలకట్లు కనుబొమలయ్యాయి, భలే అనుకుని మధ్యలో చుక్కలు పెట్టా. మా బావమరిది చూసి "ఠఠ అంటే ఏంటి బావా?" అన్నాడు. నిజమే, ర లో చుక్క పెడితే ఠ కదా! ఆ చుక్కల్ని గుండ్రమంతా నింపేసి, ఓ పక్కన చిన్న తెల్ల మెరుపు వదిలాక గానీ తెలుగు చదివేవాళ్ళకు అవి కళ్ళలా కనపడలేదు.

మీ ముంగిసకు వస్తే, ముఖం జోలికి పోకండి, ఉడత అంటారు, లేదా ఎలుక అంటారు. దాని అందమంతా పొడుగు ఒంట్లో, దాదాపు అంతే పొడుగున్న తోకలో ఉంది. రోడ్డు దాటుతూ నేలకు అంటుకుని పారిపోయే ఒక్క వంపు చాలు, లేదా రోమాలు నిక్కబొడుచుకున్న వీపు. పక్కన పాము మాత్రం వద్దు, అది అందరూ వేసేదే.

వీలైతే వన్యప్రాణుల రక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ లోగోలోని పాండాను ఓసారి శ్రద్ధగా చూడండి. లండన్ జూలో ఉన్న చీచీ అనే పాండా స్ఫూర్తితో 1961లో మొదలైంది, నలుపు తెలుపైతే అచ్చు ఖర్చు తగ్గుతుందని కూడా లెక్క వేసుకున్నారు. ఇప్పుడున్న బొమ్మలో తల పైన, వీపు దగ్గర అసలు గీతే లేదు, మన కన్నే పూర్తి చేసుకుంటుంది. నేనూ అది చూశాకే ముఖం చుట్టూ ఉన్న గీత పీకేశాను.

కాగితం మీద కుదిరాక ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో గీసుకోండి, ఉచితం, ఎంత పెద్దది చేసినా అంచులు పగలవు. నెట్‌లో దొరికిన ఎవరి ఫొటో మీదో పెట్టి అచ్చంగా గీయకండి, హక్కులు వాళ్ళవి. నాలాగా ఫొటోల మీద వాడేట్టయితే తెల్లదొకటి, నల్లదొకటి చేసి పెట్టుకోండి.

అమ్మ ఇప్పుడు గుడ్లగూబ అనడం మానేసింది, కోతి అంటోంది. పర్లేదు, దేవాంగ పిల్లి కోతికి దూరపు చుట్టమే.