ఆదిమానవుల గుహ బొమ్మల్లో యుద్ధాలు కూడా ఉంటాయా? మనిషి మొదటినుంచీ కొట్టుకునేవాడేనా?

ఈ ప్రశ్న చూశాక చేతులు ఊరుకోలేదు. కొన్నేళ్ళు మండీదీప్‌లో ఉద్యోగం చేశాను నేను, అది భోపాల్‌కీ, ఆదిమానవుల గుహ బొమ్మలుండే భీంబేట్కాకీ మధ్యలో ఉండే ఫ్యాక్టరీల ఊరు, ఇక మన వైపు నుంచి చుట్టాలెవరు దిగినా వాళ్ళని సాంచీ ఒకరోజు, భీంబేట్కా ఒకరోజు తిప్పడం నా డ్యూటీ అయిపోయింది.

మీ మొదటి ప్రశ్నకి జవాబు, ఉంటాయి. కానీ నెట్‌లో "పదివేల ఏళ్ళ నాటి యుద్ధం" అని తిరిగే ఫోటోల్లో చాలావరకు పదివేల ఏళ్ళవీ కావు, అసలు యుద్ధాలూ కావు.

ఒక చలికాలం మా మావయ్యగారు, అత్తయ్యగారు, మా బావమరిది కొడుకు వచ్చారు. మావయ్యగారు ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు, ఏ రాయి చూసినా దాని మీద ఒక అభిప్రాయం ఉంటుంది ఆయనకి. అక్కడ గుహలంటారు గానీ పెద్ద బండ ముందుకి వాలి చూరులా నీడ ఇస్తుంది, అంతే, ఆ నీడలోనే గోడ మీద బొమ్మలు. గైడు ఒక గోడ దగ్గర ఆపి మొబైల్ టార్చ్ వేసి, ఇదిగో సార్ పదివేల ఏళ్ళ కిందటి యుద్ధం అన్నాడు. ఎర్ర జాజు రంగు గీతలతో గుర్రాలు వరసగా ఉన్నాయి, మెడలు వంచి, ఒక్కోదాని మీద ఒక మనిషి, ఒక చేత్తో కళ్ళెం, ఇంకో చేతిలో పొడుగు బల్లెం, ఒకడి నడుముకి కత్తి కూడా కనపడుతోంది. వెంటనే మావయ్యగారు "అల్లుడుగారూ, ఇది కురుక్షేత్రమే అయ్యుంటుందండీ, భీముడు కూర్చున్న చోటు కదా" అన్నారు. గైడు కూడా బుర్ర ఊపేశాడు, ఆయన ఏమంటే దానికి ఊపడమే లాభం కదా వాడికి.

పిల్లాడు మాత్రం గోడకేసి కాసేపు చూసి "మావయ్యా, వీళ్ళందరూ ఒకే వైపు వెళ్తున్నారుగా, మరి ఎవరితో కొట్లాడుతున్నారు?" అన్నాడు.

ఐదో క్లాసు వాడు అడిగిన ఆ ముక్క డాక్యుమెంటరీలు తీసేవాళ్ళు కూడా అడగరు. నిజంగానే ఆ గోడ మీద శత్రువు లేడు, కిందపడ్డవాడు లేడు, బాణం తగిలినవాడు లేడు, అందరూ దర్జాగా ఒక దిక్కుకే పోతున్నారు. అది ఊరేగింపు అండీ, ఎవరో రాజుగారో సామంతుడో బలగంతో పోతుంటే చూసినవాడు వచ్చి గీసుకున్నాడు. పైగా గుర్రం, బల్లెం, కత్తి మూడూ ఉన్నాయంటే ఇంక అది ఆదిమానవుడి బొమ్మ ఎలా అవుతుంది, అది రాజ్యాలు పుట్టాక వేసింది, చారిత్రక యుగం బొమ్మ అని పుస్తకాల్లో కూడా అలాగే రాస్తారు. అదే గోడ మీద కాస్త కళ్ళు చికిలించి చూస్తే ఆ గుర్రాల కాళ్ళ కింద వెలిసిపోయిన దుప్పి కొమ్ములు, ఒక అడవిదున్న మూపురం కనపడతాయి, అవీ అసలు పాతవి. పాత బొమ్మ మీదే కొత్త బొమ్మ వేసుకుంటూ పోయారు, మధ్యలో వేల ఏళ్ళు గడిచిపోయాయి, మనం మాత్రం అంతా కలిపి ఒకటే వయసు కట్టేస్తాం.

ఆ పాత పొరలో మనుషులు ఏం చేస్తుంటారంటే వేట, గుంపుగా వరస కట్టి ఆటలు. పంచ్‌మఢీ వైపు కొండల్లో అయితే తేనెపట్టు తీసేవాళ్ళు కూడా ఉన్నారు. భీంబేట్కాలో పుట్టగొడుగులా ఉండే బండ మీద పెద్ద పంది బొమ్మ ఉంది, కొమ్ములున్న పంది, అది ఒక చిన్న మనిషిని తరుముతూ ఉంటుంది, వాడి ప్రాణం మీదకొచ్చింది అని చూడగానే తెలుస్తుంది. వాళ్ళకి భయం అంటే అదీ, పక్క గుంపు వాడు కాదు అని నా గట్టి నమ్మకం. ఈ చోటు బయటపడింది కూడా తమాషాగా, 1957లో పురావస్తు శాస్త్రవేత్త వాకణ్కర్ గారు రైల్లో పోతూ కిటికీలోంచి ఆ బండలు చూసి, ఇలాంటివే స్పెయిన్, ఫ్రాన్స్‌లో చూశానే అనుకుని తర్వాత వెతుక్కుంటూ వెళ్ళారు. యునెస్కో వాళ్ళు 2003లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. అదే రైలు దారిలో మనవాళ్ళు ఢిల్లీ వెళ్తూ ఎన్నిసార్లు పోయుంటారో, కిటికీ పక్క సీటు కోసం కొట్టుకోవడమే గానీ బయటికి చూసింది ఎవరు.

ఇంతకీ రెండు వైపులా మనుషులు ఉన్న బొమ్మలు ఎక్కడా లేవా అంటే ఉన్నాయి. స్పెయిన్ తూర్పు వైపు, వాలెన్సియా ప్రాంతంలో లెస్ డోగెస్ అనే చోట విల్లులు పట్టుకున్న రెండు గుంపులు ఎదురెదురుగా పరుగెత్తుకుంటూ వస్తాయి, బొమ్మలు అరచేతిలో పట్టేంత చిన్నవి, కానీ కాళ్ళు అలా బార్లా చాపి పరుగెత్తుతుంటే ఊపిరి వినపడేలా ఉంటుంది. నేను ఫోటోల్లోనే చూశాననుకోండి, అయినా చెప్తున్నా, దాన్ని ఊరేగింపు అని ఎవడూ అనలేడు. అక్కడికి దగ్గర్లోనే కోవా రెమీజియాలో ఇంకోటి ఉంది, ఒకడు ఒళ్ళంతా బాణాలతో పడిపోయి ఉంటాడు, కాస్త దూరంలో విల్లులు పైకెత్తి నిలబడ్డ గుంపు, అది మరణశిక్ష అని కొందరంటారు. ఆ బొమ్మలు వ్యవసాయం రాకముందువా వచ్చాకవా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. నన్నడిగితే వచ్చాకే, గింజలు దాచుకోవడం మొదలెట్టాకే కదా పక్కవాడు ఎత్తుకుపోతాడన్న భయం.

దీనికి అడ్డం తగిలేది ఆస్ట్రేలియా. ఆర్న్‌హెమ్ ల్యాండ్ అని ఉత్తరాన ఉంది, అక్కడివాళ్ళు వ్యవసాయం చేసినవాళ్ళు కాదు, పెద్ద పెద్ద తలపాగాలు, బూమరాంగులు, ముళ్ళ ఈటెలు, ఒకడు విసిరితే ఒకడు పక్కకి వంగి తప్పించుకోవడం, అన్నీ గీశారు. టాసోన్, చిపిండేల్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో దీని మీద రాశారు, వాళ్ళ లెక్కలో పాతవి దాదాపు పదివేల ఏళ్ళవి, వాటిలో ఒకడూ ఒకడూ లేదా చిన్న గుంపుల కొట్లాటే, దాదాపు ఆరువేల ఏళ్ళ కిందటికి వచ్చేసరికి మాత్రం గుంపులకి గుంపులు ఎదురెదురు. ఆ మధ్యలో జరిగిందేంటంటే మంచుయుగం అయిపోయి సముద్రం పైకొచ్చి ఆస్ట్రేలియాకీ న్యూగినీకీ మధ్య మైదానం మొత్తం మునిగిపోయింది. భూమి తగ్గింది, మనుషులు తగ్గలేదు. మా ఊళ్ళో గట్టు తగాదాలు చూసినవాళ్ళకి ఇంతకంటే వివరించక్కర్లేదు.

అయితే "బొమ్మ లేదు కాబట్టి కొట్లాట లేదు" అనేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళూ కొంచెం ఆగాలి. సూడాన్‌లో నైలు నది పక్కన జెబెల్ సహాబా అని ఒక శ్మశానం బయటపడింది, 13 వేల ఏళ్ళకి పైబడినది, 61 మంది ఎముకలు. 2021లో మళ్ళీ పరీక్ష చేస్తే ఆడవాళ్ళు, పిల్లలతో సహా చాలామందికి దెబ్బలు, కొన్ని మానిపోయిన పాత దెబ్బలు, కొన్ని చచ్చేముందు తగిలినవి, అంటే ఒక్క రోజు జరిగింది కాదు, మళ్ళీ మళ్ళీ దాడులు. వాళ్ళు ఏ గోడ మీదా దాన్ని గీసుకున్నట్టు కనపడదు. అందుకే నేననేది, కొట్టుకోవడం పాతదే, దాన్ని గొప్పగా గోడకెక్కించడం మాత్రం తర్వాత వచ్చింది. దెబ్బ తిన్నవాడు బొమ్మ వేయడు, గెలిచినవాడి మనుషులే వేస్తారు. ఆ భీంబేట్కా గుర్రాలు చూడండి, ఫ్లెక్సీ బ్యానర్లో నాయకుడి కాన్వాయ్‌కీ వాటికీ నాకైతే తేడా కనపడదు.

ఇంక నా అసలు మంట. మనవాళ్ళకి ఏ బొమ్మ చూపించినా రెండే మాటలు, మహాభారతం లేదా గ్రహాంతరవాసులు. తలపాగా ఉంటే హెల్మెట్ అంటారు, వాట్సాప్‌లో అది ఇరవై గ్రూపులు తిరిగొచ్చి చివరికి నాకే వస్తుంది "నువ్వు అక్కడ ఉన్నావు కదా, నిజమేనా" అని. మన వైపు కొండల్లో ఒకచోట అయితే ఎర్ర దుప్పి బొమ్మ పొట్ట మీద ఎవడో సున్నంతో ప్రేమ గుర్తూ, రెండు ఇంగ్లీషు అక్షరాలూ రాశాడు, కడిగితే దుప్పి కూడా పోతుంది, కడక్కపోతే వాడి ప్రేమ అలాగే ఉంటుంది.

మధ్యప్రదేశ్ దాకా వెళ్ళలేకపోతే భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలో పాండవుల గుట్ట ఉంది, 1990లో బయటపడింది, వరంగల్ నుంచి పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చు. అక్కడ అడవిదున్న, జింక, చిరుత ఉన్నాయి, విల్లులు, కత్తులు, బల్లేలు పట్టినవాళ్ళూ ఉన్నారు. కత్తి కనపడ్డ చోట ఆగి, వాడి ఎదురుగా ఎవడైనా ఉన్నాడా, కింద ఇంకో పాత బొమ్మ ఏదైనా ఉందా అని చూడండి. ఎదురుగా రెండో గుంపు కనపడితే మాత్రం ఫోటో తీసి కింద కామెంట్లో పెట్టండి. బొమ్మ బాగా రావడం కోసం గోడ మీద నీళ్ళు చల్లకండి, కొంతమంది చల్లుతున్నారు, రంగు లేచిపోతుంది.