గడ్డి కోసే పెట్రోల్ మిషన్‌లో స్పార్క్ రాకపోతే కాయిల్ మార్చాల్సిందేనా?

వెంటనే కాయిల్ (రవ్వకి కావాల్సిన కరెంటు పుట్టించే భాగం) కొనకండి. పలాస జీడితోట షెడ్డులో వానాకాలమంతా పడున్న మిషన్ అంటున్నారు కాబట్టి నా అనుమానం ముందు స్పార్క్ ప్లగ్ మీద, తర్వాత స్విచ్ వైరు మీద.

కొత్త ప్లగ్‌ని కాయిల్ లావు వైరు చివరుండే క్యాప్‌కి తగిలించి, దాని లోహపు భాగం ఇంజిన్ బాడీకి ఆనించి తాడు గట్టిగా లాగండి. ప్లగ్ రంధ్రానికీ పెట్రోల్‌కీ దూరంగా చెయ్యండి. నీలి రవ్వ వస్తే తప్పు పాత ప్లగ్‌దే.

రాలేదా? కాయిల్ నుంచి స్విచ్‌కి వెళ్లే సన్న వైరు ఊడదీసి మళ్లీ లాగండి. ఈ ఇంజిన్లలో ఆఫ్ చెయ్యడమంటే ఆ వైరుని బాడీకి కలపడమే. ఎలక కొరికిన వైరు బాడీకి తగిలినా మిషన్ ఎప్పుడూ ఆఫ్‌లో ఉన్నట్టే లెక్క. ఇప్పుడు రవ్వ వస్తే కాయిల్ బాగున్నట్టు. వైరో స్విచ్చో మార్చండి. వైరు ఊడి ఉండగా కోతకి మాత్రం దిగొద్దు, మిషన్ ఆపలేరు.

అప్పటికీ లేకపోతే కవర్ విప్పి, ఫ్లైవీల్ (తాడు లాగితే తిరిగే చక్రం) అయస్కాంతం మీదా కాయిల్ కాళ్ల మీదా తుప్పుని సన్న గరుకు కాగితంతో రుద్దండి. ఆ రెంటి మధ్యలో విజిటింగ్ కార్డు పెట్టి కాయిల్ బిగించి, కార్డు లాగేస్తే సందు సుమారు 0.3 మిల్లీమీటర్లు వస్తుంది. అయినా రవ్వ లేదంటే అప్పుడు కాయిల్ కొనండి, పాతది షాపుకి పట్టుకెళ్లి.