కరకట్ట మీద కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. వాక్యం బాగా నడుస్తోంది, ఆ విషయంలో నేను చెప్పేది పెద్దగా లేదు. కానీ 2005లో అమెరికాలో న్యూ ఆర్లీన్స్ ఊరిని ముంచిన కత్రినా తుఫాను రాత్రి మీద కథంటే మూడొంతులు గాలీ వానే రాశావ్, ఆ ఊరి కరకట్టేమో ఒక్క లైన్లో పోయింది, నీటి ఉధృతికి గోడ కూలింది అని రాసేసి ముందుకెళ్లిపోయావ్. నాకు బాధనిపించింది అక్కడే. గాలి వాన గురించి ఎవరైనా రాస్తారు, చదివేవాళ్లు టీవీలో కూడా చూశారు, ఆ గోడ ఎలా పోయిందో మాత్రం చాలామందికి తెలీదు, అది చెప్పాల్సింది నువ్వే కదా.

2005 ఆగస్టు 29 పొద్దున 17వ స్ట్రీట్ కాలువ గోడ పోయినప్పుడు నీళ్లు ఇంకా గోడ అంచు దాకా కూడా రాలేదు. అక్కడ మట్టిగట్టులోకి ఇనప రేకులు దించి, వాటి మీద కాంక్రీట్ గోడ కట్టారు. కాలువలో నీళ్లు పెరిగే కొద్దీ గోడ ఇళ్లవైపు కాస్త వాలింది, వాలేసరికి నీళ్లవైపు గోడకీ మట్టికీ మధ్య సందు పడింది, ఆ సందులోకి నీళ్లు దిగి అడుగు దాకా ఒత్తాయి, కిందేమో మెత్తటి బంకమన్ను, పాత చిత్తడి నేల, అది జారిపోయింది, గోడా గట్టూ కలిసి ఇళ్లవైపుకి జరిగిపోయాయి. లండన్ ఎవెన్యూ కాలువ దగ్గర కింద ఇసుక, అక్కడ నీళ్లు గోడ అడుగు నుంచి దూరాయి. ఊళ్లో ఇంచుమించు 80 శాతం మునిగిపోయింది. ఈ గోడలు కట్టించింది ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్, అంటే అమెరికా సైన్యంలో ఇంజనీర్ల విభాగం, తప్పు మాదే అని 2006లో వాళ్లే ఒప్పుకున్నారు. ఇదంతా ఇంజనీర్ల గోల మనకెందుకు అనుకోకు, నీ కథకి గుండెకాయ ఇదే. 1965లో బెట్సీ తుఫాను ముంచాక ఆ ఊరికి రక్షణ కడతామని చట్టం చేశారు, కత్రినా వచ్చేనాటికి అది ఇంకా పూర్తవ్వలేదు. ఆ నలభై ఏళ్లు నీ కథలో ఎక్కడా లేవు.

అందుకే తుఫాను లేని రోజున వెళ్లి ఆ గట్టు మీద నడువు, హ్యూస్టన్ నుంచి కారులో ఐదారు గంటలేగా. గడ్డి పొట్టిగా కోసి ఉంటుంది, గట్టు మీద చెట్టు పెరగనివ్వరు, వేళ్లు పుచ్చిపోతే ఆ దారినే నీళ్లు దూరతాయి. న్యూట్రియా అని పెద్ద ఎలుకలాంటి జంతువు బొరియలు తవ్వుతుంది, అది చూడు. ఇళ్లవైపు గట్టు మొదట్లో తడి ఉందేమో చూడు. కృష్ణకి వరదొస్తే మన దగ్గర పెద్దోళ్లు రాత్రంతా లాంతర్లు పట్టుకుని వెతికేది కూడా ఆ ఊట కోసమే, అది బురదనీళ్లుగా మారిందంటే లోపల మట్టి కొట్టుకొస్తుందని లెక్క, ఇసుక బస్తాలకి పరుగెత్తేవాళ్లు. 17వ స్ట్రీట్ కాలువ పక్కన కూడా తుఫానుకి నెలల ముందే పెరట్లో నీళ్లు ఊరుతున్నాయని కొందరు ఫిర్యాదు చేసినట్టు అప్పటి వార్తల్లో వచ్చింది. ఒక మనిషి తన పెరట్లో తడి చూసుకుంటూ నిలబడి ఉండటం, అంతకంటే భయపెట్టే సీన్ నీ కథలో లేదు.

ఇంకోటి. న్యూ ఆర్లీన్స్‌లోని లోయర్ నైన్త్ వార్డ్ అనే పేటలో నువ్వు పెట్టిన ముసలామె అచ్చం మన దివిసీమ అవ్వలాగే మాట్లాడుతోంది. 1977 నవంబర్ 19 ఉప్పెన గురించి మీ ఇంట్లో విన్నదంతా ఆమె నోట్లో పెట్టావని నాకు తెలిసిపోయింది. ఆ దుఃఖం నిజమైందే, దాన్ని దివిసీమ కథలోనే రాయి. ఆ వార్డ్ వాళ్లు నల్లజాతి వాళ్లు, చాలామందికి తాతల నాటి సొంతిళ్లు, వాళ్ల కోపానికి వేరే చరిత్ర ఉంది. 1927లో మిసిసిపీ నదికి పెద్ద వరదొస్తే న్యూ ఆర్లీన్స్‌ని కాపాడాలని దిగువన కర్నార్వాన్ దగ్గర గట్టుని డైనమైట్ పెట్టి పేల్చేశారు, సెయింట్ బెర్నార్డ్, ప్లాకమిన్స్ పారిష్‌ల్లో (అక్కడ జిల్లాని పారిష్ అంటారు) పేదోళ్ల ఇళ్లూ పొలాలూ పోయాయి, ఇస్తామన్న పరిహారం చాలామందికి సరిగ్గా అందలేదు. అందుకే 1965లోనూ 2005లోనూ గట్టు కావాలనే పేల్చారని అక్కడ చాలామంది నమ్మారు. పేల్చారనడానికి ఆధారం లేదు, కానీ వాళ్లు అలా ఎందుకు నమ్మారో పాఠకుడికి అర్థమవ్వాలి, అది నీ బాధ్యత.

కరకట్ట గీత ఎవరు గీశారు, ఆ గీతకి బయట ఎవరు మిగిలిపోయారు, ఇది అడక్కుండా డెల్టా మీద కథ రాయొద్దు. లూసియానా తీరంలో ఐల్ డి జీన్ చార్ల్స్ అని ఒక దీవి, అక్కడ ఆదివాసీలు. మోర్గాంజా టు ద గల్ఫ్ అనే కరకట్ట ప్లాన్‌లో వాళ్లని లోపలికి తీసుకుంటే ఖర్చు ఎక్కువని బయటే వదిలేశారు, చివరికి 2016లో 4.8 కోట్ల డాలర్లిచ్చి ఊరినే లోతట్టుకి మార్చే పని మొదలెట్టారు, 2022లో కొత్త ఇళ్లలోకి వెళ్లారు. కత్రినా తర్వాత న్యూ ఆర్లీన్స్ చుట్టూ 1,400 కోట్ల డాలర్లకి పైగా పెట్టి కట్టిన కరకట్టలు 2021లో ఐడా తుఫానుకి నిలబడ్డాయి. అదే రోజు ఆ గీతకి పడమట లప్లాస్ అనే ఊళ్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, వాళ్ల కరకట్ట పని అప్పుడే మొదలైంది మరి.

నీకు అసలు నవల ఉన్నది ఇంకో చోట, అది చెప్పి ఆపేస్తా. గట్టు వరదని ఆపుతుంది, దాంతోపాటు ఒండ్రునీ ఆపుతుంది. ఎగువన డ్యాములు కొంత ఆపేస్తాయి, మిగిలింది గట్ల మధ్యనుంచి నేరుగా లోతు సముద్రంలో పడుతుంది, చిత్తడి నేలకి మేత ఉండదు. ఆయిల్ కంపెనీలు తవ్విన కాలువలు వేరే. 1932 నుంచి లూసియానా తీరంలో దాదాపు 5,000 చదరపు కిలోమీటర్ల నేల పోయింది, ఉప్పెన జోరు తగ్గించేది ఆ నేలే. మన కృష్ణా డెల్టాకి కూడా ఒండ్రు శ్రీశైలం, సాగర్ రిజర్వాయర్లలోనే ఆగిపోతోంది, అందుకే ఇది నీకు పరాయి కథ కాదంటున్నా. అక్కడ గట్టుకి తూము పెట్టి బురదనీళ్లని బరటారియా అనే చిత్తడి ప్రాంతం వైపు వదలాలని 300 కోట్ల డాలర్ల ప్రాజెక్టు 2023లో మొదలెట్టారు, మంచినీళ్లొస్తే ఆయిస్టర్లు అనే ఆల్చిప్పలు చచ్చిపోతాయి, రొయ్య పోతుందని వేటకెళ్లేవాళ్లు ఎదురు తిరిగారు, 2025లో రద్దు చేశారు. నేల కావాలన్నవాడిదీ న్యాయమే, ఈ సీజన్‌లో రొయ్య కావాలన్నవాడిదీ న్యాయమే. ఈ ఇద్దర్నీ ఒకే ఇంట్లో అన్నదమ్ములుగా పెట్టి చూడు, ఎవర్నీ గెలిపించకు.

రెండో డ్రాఫ్ట్‌కి తొందరేం లేదు, సంక్రాంతి దాటాక పంపినా సరే. పంపేటప్పుడు నీ పాత్రల ఇళ్లన్నీ గుర్తుపెట్టిన మ్యాప్ ఒకటి పంపు, ఏ ఇల్లు గట్టుకి ఏ పక్కన ఉందో చూసుకుంటూ చదువుతా.

ఉంటా,
అన్నయ్య