వాలిన చిటికెన వేలు

చిరంజీవి బుజ్జికి, పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు ఉద్యోగం మాని హైదరాబాదులో పిండివంటల వ్యాపారం పెట్టబోతున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు నీ చేతి అరిసెలు తలచుకుని పొంగిపోయాను. కానీ ఆ రాత్రంతా, కీళ్లవాతం వచ్చి రెండేళ్లయిన నీ వేళ్లే కళ్ల ముందు మెదిలాయి.

కీళ్లవాతానికి నువ్వు వేసుకునే మెథోట్రెక్సేట్ మందు వారానికి ఒక్కరోజే అనీ, రక్తపరీక్షలు మానకూడదనీ నీకు తెలుసు. పొద్దున బిగుసుకున్న వేళ్లు గోరువెచ్చని నీళ్లలో వదులయ్యేదాకా పొయ్యి వెలిగించకు. చలిమిడి కలపడానికి, మూకుడు దింపడానికి మనిషిని పెట్టుకో. నూనె ఓడ్చేటప్పుడు అరిసెల చెక్క మీద వేళ్లతో కాక అరచేతితో బరువు వేయి.

నాదీ ఈ కీళ్లవాతమే కదా, ఇక నా తప్పు విను. 1998 సంక్రాంతికి ముందు, తడిచీర పిండి తీగ మీద ఆరవేస్తుండగా నా కుడిచేతి చిటికెన వేలు వాలిపోయింది. ముడిస్తే ముడుచుకునేది గాని చాపితే లేచేది కాదు. ఎడమచేత్తో ఎత్తి నిలబెట్టినా, వదిలిన మరుక్షణం వాలేది. నొప్పి బొత్తిగా లేదు. అన్నేళ్లుగా నొప్పినే జబ్బు అనుకున్నదాన్ని కనుక, అది లేనందుకు సంతోషించాను కూడా. పండుగ వెళ్లాక చూపించుకుందామన్నాను, తరువాత మీ అక్క పెళ్లిచూపులన్నాను. ఉగాది నాటికి ఉంగరపు వేలూ వాలింది. అప్పుడు పరుగెత్తితే, మణికట్టు వెనుక చిటికెన వేలి వైపున్న ఎముక బుడిపె వాపు వల్ల గరుకెక్కి, దాని మీద రాసుకుని రాసుకుని వేళ్లను చాపే స్నాయువులు, అంటే కండను ఎముకకు కట్టే తాళ్లు, గిలక ఒరిపిడికి బావి చేంతాడు తెగినట్లు తెగిపోయాయని డాక్టరుగారు చెప్పారు. చూపుడు వేలిని చాపే రెండు స్నాయువుల్లో ఒకదాన్ని ఇటు మళ్లించి కుట్టారు. వేళ్లు లేచాయి గాని పట్టు మునుపటిలా రాలేదు. అప్పటికి నీకు ఆరేళ్లు. జడ వేయమని రిబ్బన్లు పట్టుకుని వచ్చావు. నేను అల్లిన జడ నువ్వు బడికి చేరేలోపే ఊడిపోయిందట. సాయంత్రం తిరిగివచ్చి ఆ మాట నాతో అనలేదు, మీ అమ్మతో అన్నావు.

అందుకే రోజూ పని మొదలుపెట్టే ముందు రెండు చేతులూ ముందుకు చాపి వేళ్లన్నీ నిటారుగా నిలుస్తున్నాయో లేదో చూసుకో. ఒక్కటి వాలినా, నొప్పి లేకపోయినా, ఎన్ని ఆర్డర్లున్నా, మూకుడు దింపించి ఆ పూటే ఆసుపత్రికి వెళ్లు. దింపించమన్నాను, దింపమనలేదు.

ఇట్లు,
నీ పెద్దమ్మ