అక్టోబరు ఒకటి లోపు: టవర్లు చూసుకోబోయే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

ఆస్ట్రేలియాలో బేగా వ్యాలీ, యూరోబొడల్లా ప్రాంతాల మొబైల్ టవర్ల సైట్లు నీ చేతికొచ్చాయని మీ అమ్మ చెప్పింది. అవి ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో కార్చిచ్చుల సీజన్ చట్టప్రకారం అక్టోబరు 1 నుంచి మార్చి 31 దాకా. ఎండ ముదిరితే ఇంకా ముందే ప్రకటిస్తారు. అందుకని ఆగస్టులోనే బండి తియ్యి.

ముందు లెక్క చూడు. 2019-20 మంటల మీద అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఏసీఎంఏ ఇచ్చిన నివేదికలో, ఏదో రకంగా దెబ్బతిన్న టెలికాం కేంద్రాలు 1,390. నాలుగు గంటలకు మించిన అంతరాయాల్లో 88 శాతం కరెంటు పోవడంవల్లే. మంట నేరుగా తగిలి పాడైనవి ఒక్క శాతం. కాబట్టి మంట ఆపే గోడలూ, ప్రత్యేకమైన రంగులూ అమ్మజూపేవాళ్లని కాసేపు కూర్చోబెట్టి, నువ్వు వెళ్లి బ్యాటరీ గది తలుపు తియ్యి.

మామూలు రోజున కొమ్మ తగిలి కరెంటు లైన్ ట్రిప్పయితే, రీక్లోజర్ అనే ఆటోమేటిక్ స్విచ్ క్షణాల్లో మళ్లీ కలిపేస్తుంది. ప్రమాదం ఎక్కువున్న రోజుల్లో నిప్పురవ్వలు రాలతాయని దాన్ని ఆపి ఉంచుతారు. ఇక మనిషి లైన్ వెంట తిరిగి చూసేదాకా కరెంటు రాదు. మంట నీ సైటుకి యాభై కిలోమీటర్ల అవతల ఉన్నా బ్యాటరీలు ఖాళీ కావడానికి ఇది చాలు. చెక్క స్తంభాలు కాలిపోతే ఇక రోజుల మాటే.

సైటు లోడ్, అంటే అక్కడి పరికరాలు వాడే కరెంటు, 2 కిలోవాట్లు అనుకో. 48 వోల్టుల మీద 42 ఆంపియర్లు, 12 గంటలకి సుమారు 500 ఆంపియర్-అవర్ల బ్యాటరీ. లెడ్ యాసిడ్ బ్యాటరీని 80 శాతం మించి పిండకూడదు, పైగా ఆయుష్షు తీరేనాటికి దాని శక్తి 80 శాతానికి పడిపోతుంది. రెండుసార్లు 0.8తో భాగించు, 780 వస్తుంది. 800 పెట్టు. 500 పెట్టి కాగితం మీద 12 గంటలని రాసుకున్న సైటు, బ్యాటరీలు ముసలివయ్యాక ఏడున్నర గంటలకే పడుకుంటుంది. పైగా 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకీ బ్యాటరీ ఆయుష్షు సగానికి తగ్గుతుంది. అంటే ఏసీ చెడిపోయిన గదిలో ఆ ముసలితనం ఇంకా త్వరగా వస్తుంది.

లేబుల్ మీద రాసింది నమ్మకు. సెప్టెంబరులో రెక్టిఫయర్ (లైన్ కరెంటుని డీసీగా మార్చి బ్యాటరీలని ఛార్జి చేసే పెట్టె) ఆపి, అసలు లోడ్ మీద రెండు గంటలు నడిపి, పావుగంటకోసారి ఒక్కో బ్యాటరీ బ్లాక్ వోల్టేజి రాసుకో. ఒక్కటి మిగతావాటికంటే ముందే జారిపోతుంటే వరసగా కలిపిన ఆ మొత్తం స్ట్రింగునీ అదే ముంచుతుంది. దాన్ని మార్చాకే సంతకం పెట్టు.

జనరేటర్ తగిలించే సాకెట్ అన్ని సైట్లలో ఒకే రకం ఉండాలి, షెల్టర్ (పరికరాలుండే గది) బయట ఉండాలి. చిన్న విషయమేగానీ, ప్లగ్ సరిపోక జనరేటర్ ఊరికే నిలబడడం కంటే చికాకు ఇంకోటి లేదు. 10 కేవీఏ యంత్రం సగం లోడ్ మీద గంటకి రెండు లీటర్లు తాగుతుందనుకో, మూడు రోజులకి దాదాపు 150 లీటర్లు. చెట్లు పడి దారి మూసుకుపోతాయి కాబట్టి ఆ డీజిల్ ముందే సైట్లో ఉండాలి. గాలి ఫిల్టరు బూడిదతో పూడుకుపోతుంది, విడిగా రెండు పెట్టుకో.

ఇప్పుడు ఆ ఒక్క శాతం సంగతి. షెల్టర్లోకి దూరేది ఎగిరొచ్చే నిప్పురవ్వ. కేబుళ్లు లోపలికి వెళ్లే ప్లేటు దగ్గర నిలబడి చూడు. వాడని రంధ్రానికి ఎవరో ప్లాస్టిక్ మూత బిగించి ఉంటారు, పక్కన కేబుల్ చుట్టూ ఉండే రబ్బరు తొడుగు, బూటు అంటారు, ఎండకి పగిలి ఉంటుంది. రవ్వకి ఆ సందు చాలు. రంధ్రాన్ని మెటల్ ప్లేటుతో, బూటు చుట్టూ మంట తట్టుకునే సీలెంట్‌తో మూసెయ్యి. గాలి వచ్చే చోట్ల 2 మిల్లీమీటర్లకు మించని కన్నాల స్టెయిన్‌లెస్ స్టీల్ జాలీ పెట్టు. టవరుకీ షెల్టరుకీ మధ్య కేబుల్ నిచ్చెనని రేకుతో కప్పు. దాని కింద ఎండుగడ్డి ఉందో, ఫీడర్ల (యాంటెన్నాకి వెళ్లే కేబుళ్ల) తొడుగు అంటుకుంటుంది. కంచె లోపల 75 మిల్లీమీటర్ల కంకర పరుచు. కలుపు రాకుండా దాని కింద ప్లాస్టిక్ షీట్ వేసేవాళ్లుంటారు, అదీ మండేదే. కంచె బయట చెట్టు కొట్టాలంటే ఆ స్థలం ఎవరిదో వాళ్ల అనుమతి కావాలి, నెలలు పడుతుంది.

టవరుని నెట్‌వర్క్‌కి కలిపే ఫైబర్ కేబుల్ భూమిలో ఉన్నంతసేపు భయం లేదు. ప్లాస్టిక్ మూతలున్న గుంతల దగ్గరా, చెక్క వంతెనల మీదా తెగుతుంది. మంటలార్పడానికి దారి తీసే బుల్డోజర్లూ తెంపేస్తాయి. అందుకే కేబుల్ దారి మ్యాపు అక్కడి అగ్నిమాపక దళం రూరల్ ఫైర్ సర్వీస్ వాళ్లకి ముందే ఇవ్వు.

మంట వెళ్లాక వెంటనే టవరెక్కకు. మసిని గుడ్డతో తుడిచి చూడు. కింద జింక్ పూత మామూలుగా ఉంటే మంచిదే. పొక్కులొచ్చినా, రాలుతున్నా, జింక్ కరిగే 419 డిగ్రీల దాకా వేడి వెళ్లి ఉండొచ్చు. అప్పుడు స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి బోల్టులు చూసేదాకా ఎవరినీ పైకి పంపకు, పై ఆఫీసు నుంచి ఎన్ని ఫోన్లు వచ్చినా సరే.

ఇట్లు,
మామయ్య