ఉమ్మి ట్యూబు పంపితే తాతల ఊరు తెలుస్తుందా?

ప్రశ్న: మాది కావలి. మా తాతవాళ్లు కందుకూరు వైపు నుంచి వచ్చారంటారు. ఇంట్లో చేసుకునే డీఎన్‌ఏ టెస్టుతో అది తేలుతుందా? షుగరు, క్యాన్సర్ సంగతి?

ఊరు తేలదండీ. ల్యాబువాళ్లు మీ డీఎన్‌ఏలో కొన్ని లక్షల చోట్లు చూసి, తమ దగ్గరున్న నమూనాలతో పోలుస్తారు. ఫలితం 'దక్షిణ భారతం' అని వస్తుంది. కందుకూరుకూ కావలికీ తేడా దానికేం తెలుసు? వేర్వేరు దేశాల జనాల డీఎన్‌ఏను నమోదు చేసిన 'వెయ్యి జీనోముల' ప్రాజెక్టులో తెలుగువాళ్ల నమూనాలు కూడా బ్రిటన్‌లో ఉంటున్నవాళ్ల నుంచి తీసుకున్నవే.

టెస్టుతో పాటు ఇచ్చే, డీఎన్‌ఏ కలిసిన బంధువుల జాబితాలో ఇంకో తిరకాసు ఉంది. తరతరాలుగా మేనరికాలు చేసుకున్న ఇళ్లలో దూరపు చుట్టం కూడా దగ్గరి కజిన్‌లా కనిపిస్తాడు. ఆ ముడి విప్పడానికి కిట్టు కన్నా పాత దస్తావేజులు, ఇంటిపేర్లు గుర్తున్న ఒక అమ్మమ్మ మేలు.

షుగరుకు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చూపే రక్తపరీక్ష) చేయించుకోండి, చాలు. రొమ్ము క్యాన్సర్‌కు సంబంధించిన బీఆర్‌సీఏ జన్యువుల్లో ఇలాంటి కిట్లు చూసేది కొన్ని మార్పులనే. రిపోర్టులో ఏమీ లేదని ధీమా పడొద్దు.

కుటుంబ చరిత్ర నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది. ఆర్యవైశ్యుల్లో కొందరికి పుట్టుకతోనే ఒక ఎంజైము లోపం ఉంటుంది. ఆపరేషన్‌లో కండరాలు వదులు కావడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ వాళ్లలో త్వరగా విరగదు. నిమిషాల్లో రావాల్సిన ఊపిరికి గంటలు పడుతుంది, అంతసేపూ వెంటిలేటరే. మీ ఇంట్లో ఎవరికైనా అలా జరిగుంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. ఆ ఎంజైమును కొలిచే రక్తపరీక్షతో ఆ లోపం తెలుస్తుంది.